జూరీవారి సత్తియ్య

హత్య కేసులో ముద్దాయి హాయిగా నిద్రపోతున్నాడంటే అతని వకీలుకి నిద్ర పట్టదు.

నేను అనకాపల్లి కోర్టులో పాతికేళ్ళుగా క్రిమినల్ కేసులు చూస్తున్నాను. రిమాండులో ఉన్న మనిషి చిక్కిపోవడం, నా చెయ్యి పట్టుకుని ఏడవడం, అడిగిందే అడిగి నా ప్రాణం తియ్యడం నాకు అలవాటు. త్రినాథ్ మాత్రం జైల్లో ఒళ్ళు చేశాడు. ఎస్కార్టు పోలీసులు వాయిదాకి తీసుకొచ్చినప్పుడల్లా నన్ను చూసి నవ్వేవాడు. "అన్నం తిన్నారా అమ్మా?" అని పరామర్శించేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. మంట చల్లారాక భయం వేసేది.

కేసు చూస్తే వాడి పీకకి చుట్టుకుని ఉంది. వాళ్ళది కోటవురట్ల వైపు ఊరు, చెరుకూ వరీ పండించుకునే జనం. త్రినాథ్‌కీ పక్క పొలం చిన్నబాబుకీ కాలవ నీళ్ళ దగ్గర తగువు. ఒకరోజు టీ బడ్డీ దగ్గర నలుగురూ వింటుండగా త్రినాథ్ "నిన్ను నరికేత్తానొరే" అన్నాడు. మా చుట్టుపక్కల ఆ మాట అనని రైతు ఎవరూ ఉండరు. కానీ వీడు అన్న రెండ్రోజులకే ఓ సాయంత్రం చిన్నబాబు చెరుకు తోటలో నరకబడి దొరికాడు. పక్కనే పడి ఉన్న చెరుకు కత్తి త్రినాథ్‌ది; తోటలో వదిలేసి వచ్చానంటాడు వాడు. మసకచీకటి పడ్డాక లుంగీ నిండా నెత్తురుతో గట్టు మీద నడిచి వెళ్తుంటే చూశామని ఇద్దరు చెప్పారు. ఆ లుంగీని వాడి భార్య పైడితల్లి అప్పటికప్పుడే ఉతికి ఆరేసింది. ల్యాబు వాళ్ళు రక్తమైతే ఉందన్నారు, ఉతికేశారు కనక ఎవరిదో, దేనిదో తేల్చలేమన్నారు.

"ఆ సాయంత్రం ఎక్కడున్నావురా?" అని అడిగితే "ఇంటికాడే ఉన్నానమ్మా" అనేవాడు.

"మరి లుంగీకి నెత్తురు ఎక్కడిది?"

"సెరుకాకు కోసుకుందమ్మా."

చెరుకాకు కోసుకుంటే లుంగీ తడిసిపోదు. నా దగ్గర అబద్ధం చెప్పే ముద్దాయిలకు కొదవ లేదు. కానీ అబద్ధం చెప్పి, యావజ్జీవం ఎదురుగా పెట్టుకుని, ఇంత నిశ్చింతగా ఉన్నవాణ్ణి నేను చూడలేదు. ఆ నిశ్చింత ఎక్కడినుంచి వస్తోందో సత్తియ్య బోనెక్కిన రోజున కొంచెం కొంచెంగా తెలియడం మొదలైంది.

సత్తియ్య అదే ఊరి రైతు. అరవై దాటిన మనిషి, బక్కపలచని ఒళ్ళు, గట్టి గొంతు. చిన్నబాబు శవపంచాయతీలో కూర్చున్న అయిదుగురిలో ఒకడు. ఎవరైనా అనుమానం కలిగేలా చనిపోతే పోలీసులు ఊళ్ళో కొందరిని పిలిచి, శవాన్ని చూపించి, చావు ఎలా జరిగిందనుకుంటున్నారో అడిగి సంతకాలు పెట్టిస్తారు. దాన్నే శవపంచాయతీ అంటారు. సంతకం పెట్టినవాళ్ళను పంచాయతుదార్లంటారు. కాగితం మీద 'పంచాయతుదార్ల అభిప్రాయం' అని ఓ గడి కూడా ఉంటుంది. వింటే అదేదో ధర్మాసనం అనిపిస్తుంది. నిజానికి వాళ్ళు సాక్షులు, అంతకు మించి ఏమీ కారు.

ఆ రోజు సత్తియ్య ఇస్త్రీ పంచె కట్టుకుని, భుజాన కండువాతో, పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. ప్రభుత్వ వకీలు సంతకం చూపించి నీదేనా అన్నాడు. నాదేనండి అన్నాడు. అక్కడితో ఆయన పని అయిపోయింది. నేను లేచాను.

"త్రినాథ్ మీద అనుమానం అని ఆ కాగితంలో రాసింది పోలీసులే కదా? మీ అంతట మీరు చెప్పలేదు కదా?"

"అది ముందు మాటండి. అసలు మాట తీర్పునాడు సెప్తాం" అన్నాడు.

కోర్టు హాలంతా నవ్వింది. మా జడ్జిగారు నవ్వలేదు. ఆవిడ నెమ్మదైన మనిషి, పని దగ్గర మాత్రం ఒక్క అక్షరం పొల్లు పోనివ్వరు. కళ్ళజోడు పైనుంచి చూసి, "చెప్పేది ఏమైనా ఉంటే ఇవాళే చెప్పాలి సత్తియ్య గారూ" అన్నారు.

"ఇంకా అందరం కూకోలేదు కదండి" అని ఆయన చేతులు జోడించాడు.

మళ్ళీ నవ్వులు. దిగమన్నారు. దిగుతూ దిగుతూ సత్తియ్య ముద్దాయి బోను వైపు చూసి, కళ్ళు మెల్లగా మూసి తెరిచాడు. త్రినాథ్ తల వంచుకున్నాడు. ఇద్దరి మధ్య ఏదో ఒప్పందం ఉందని పసివాడికైనా తెలుస్తుంది. ఈ ముసలాయనే చిన్నబాబుని చంపి, వీడి నోరు నొక్కి, ఏదో ఆశ చూపిస్తున్నాడా అనుకున్నాను.

వరండాలో ఆయన్ని పట్టుకున్నాను. "ఏమిటండీ మీరన్నది? అందరూ కూర్చోవడమేమిటి?"

ఆయన చటుక్కున వెనక్కి జరిగాడు. "నాతో మాటాడకండి లాయరమ్మా. తప్పు. జూరీ వోడితో వకీలు మాటాడకూడదు."

"జూరీ ఏమిటి?"

ఆయన కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆయనతో వచ్చిన మరో పంచాయతుదారు ఈశ్వరరావు అక్కడే నిలబడి పళ్ళు కుట్టుకుంటున్నాడు. "ఆల్ని ఊళ్ళో జూరీవోరంటారమ్మా. అసలు ఇంటిపేరు ఎవులికీ గేపకం లేదు" అని సంగతంతా చెప్పాడు.

సత్తియ్య తాత పేరు పరదేశి. ఆయన దొరల కాలంలో విశాఖపట్నం సెషన్సు కోర్టులో జూరీలో కూర్చున్నాడట. ఏదో దోపిడీ కేసు. అయిదుగురు రైతులను బెంచీ మీద కూర్చోబెట్టారు. కేసు నడిచినన్నాళ్ళూ ఎవరితోనూ మాట్లాడకూడదని, ఎవరింటా పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదని చెప్పారు. చివర్లో అయిదుగురూ ఒక గదిలో కూర్చుని, బయటికొచ్చి, నేరం చెయ్యలేదన్నారు. ఎందుకు చెయ్యలేదంటారు అని దొర జడ్జి గద్దించాడట. "అది మమ్మల్ని అడిగే అధికారం మీకు లేదు" అన్నాడట పరదేశి. దొర నోరు మూసుకుని ముద్దాయిని వదిలేశాడట. ఆ రోజు నుంచి ఆ ఇల్లు జూరీవారి ఇల్లు అయింది. ఊళ్ళో ఏ తగువు వచ్చినా వాళ్ళ అరుగు మీదే తేలుతుంది.

"మాకూ శవపంచాయతీ నాడే సెప్పేడమ్మా. మనం అయిదుగురం జూరీ, నోరు జారకండి అని" అన్నాడు ఈశ్వరరావు.

"మీరు నమ్మారా?"

"పోలీసోళ్ళు మా అభిపేయం అడిగి రాసుకున్నారు కదమ్మా. ఊరికినే అడుగుతారేటి?"

జూరీ పోయి యాభై ఏళ్ళు దాటిందయ్యా, ఇప్పుడు హత్య కేసైనా దొంగతనం కేసైనా వినేదీ తేల్చేదీ జడ్జి ఒక్కరే అని చెప్పాను. ఆయన తలూపాడు, పెళ్ళిలో పురోహితుడి మంత్రాలకి తలూపినట్టు. నేను బార్ రూముకి వచ్చి ఆ కథ చెబితే అందరూ కడుపుబ్బ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ త్రినాథ్ తల వంచుకున్న తీరు మాత్రం నాకు మింగుడు పడలేదు.

వాదనలకు ముందు పైడితల్లిని ఆఫీసుకు రమ్మన్నాను. లుంగీ ఎందుకు ఉతికావో నాకు సరిగ్గా చెప్పకపోతే నీ మొగుణ్ణి ఆ దేవుడు కూడా కాపాడలేడని కేకలేశాను. నాకు కోపం వస్తే మంచీ చెడ్డా ఉండదు. ఆ పిల్ల బెదిరిపోయి, నోట్లోంచి మాట జారవిడిచింది.

"ఆ నెత్తురు గేదెదే కదమ్మా!"

"ఏ గేదె?"

"సత్తియ్య మావది. ఆ సాయంత్రం ఈనలేక అల్లాడిపోయిందమ్మా. దూడ తల ఎనక్కి తిరిగిపోయింది. మా ఊళ్ళో గేదెలకి ఈయనే సెయ్యెట్టి లాగుతాడు. అత్త సబ్బవరం కూతురింటికి ఎల్లింది. ఆళ్ళిద్దరే ఉన్నారు పాకలో. పొద్దు వాలినకాడి నుంచీ సీకటి పడేదాకా అక్కడే ఉన్నాడు. మోచేతుల దాకా నెత్తురే. ఆ లుంగీతోనే ఇంటికొచ్చేడు."

చిన్నబాబు చనిపోయింది సరిగ్గా ఆ వేళకే. డాక్టరు అదే చెప్పాడు, ప్రాసిక్యూషనూ అదే చెబుతోంది. వీడు ఊరి అవతలి చివర పశువుల పాకలో ఉన్నాడు. పక్కన నిలబడి చూసిన మనిషి బతికే ఉన్నాడు, బోనెక్కాడు, దిగాడు.

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదే?" అని అరిచాను.

పైడితల్లి కళ్ళు తుడుచుకుంది. "మావే సెప్పొద్దన్నాడమ్మా. ఆయన సాచ్చికంలోకి దిగితే జూరీలోంచి లేచిపోవాలంట. లేచిపోతే అయిదుగురిలో మా వైపు ఇద్దరే మిగుల్తారు."

అప్పుడర్థమైంది నాకు, త్రినాథ్ ఎందుకు ఒళ్ళు చేశాడో.

ఆ మధ్యాహ్నమే కారు తీసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. సత్తియ్య పాకలోనే ఉన్నాడు. ఆ రోజు పుట్టిన దూడ పెయ్య అయి, తల్లి పక్కన గడ్డి నములుతోంది. నన్ను చూసి ఆయన లేచాడు. "ఎండన పడి వచ్చేరు. మజ్జిగ ఇవ్వాలని ఉంది గానీ ఇవ్వకూడదమ్మా" అన్నాడు. ఆ మాటతో నాకు నిజంగా భయం వేసింది. మోసగాడైతే బతిమాలవచ్చు, బెదిరించవచ్చు. నియమం పట్టిన మనిషిని ఏం చెయ్యగలం?

"త్రినాథ్ ఆ సాయంత్రం ఇక్కడే ఉన్నాడు. అవునా కాదా?"

ఆయన పెయ్య వీపు నిమిరాడు.

నేను నేల మీదే కూర్చుని మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. జూరీ లేదు, రాదు. మీరు అయిదుగురూ సాక్షులు. తీర్పునాడు మిమ్మల్ని ఎవరూ పిలవరు, గదిలోకి పంపరు, అడగరు. వినేది ఒక్కరే, రాసేది ఒక్కరే. ఆవిడ చెవిన పడని మాట ఈ లోకంలో లేనట్టే.

"ఒక్క మనిసి సేతిలో ఒక మనిసి పేణం ఎడతారేటమ్మా? ఆవిడకి ఆ పొద్దు తలనొప్పి వత్తే?" అన్నాడు.

ఆ ప్రశ్న నేనూ చాలాసార్లు వేసుకున్నదే. "అందుకే ఆవిడ ప్రతిదానికీ కారణం రాయాలి. జూరీ రాయక్కర్లేదు, జడ్జి రాయాలి. రాసింది తప్పయితే పైకోర్టు కొట్టేస్తుంది. కానీ రాయడానికి ఆవిడకి ఏదో ఒకటి ఇవ్వాలి కదండీ! గేదె ఈనింది, వాడు ఇక్కడున్నాడు. ఈ ఒక్క మాట ఇవ్వండి చాలు."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. పెద్దవాళ్ళు తెలివితక్కువ పిల్లల్ని చూసినట్టు. "సాచ్చికం ఎవుడైనా సెప్తాడమ్మా. తీర్పు అయిదుగురే సెప్తారు. నా ఒక్కడి సాచ్చికం ఏటవుతాది? ఆ గట్టు మీద సూసినోళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ మాట మీద నా మాట కొట్టుకుపోద్ది. అదే నాను అయిదుగురిలో ఉంటే? ఇద్దర్ని ఇప్పటికే కూకోబెట్టి సెప్పుకున్నాను. ముగ్గురం అయ్యేం. ఇద్దరు ఏటన్నా పరవాలేదు. ఇప్పుడు నన్ను లేవమంటారేటి? లేత్తే ఆడు సచ్చిపోతాడు."

లెక్కలో తప్పులేదు. బెంచీయే లేదు. ఎక్కడా లేని బెంచీ మీద కూర్చుని ఈ మనిషి ఆ కుర్రాణ్ణి కాపాడుతున్నాడు.

"పోనీ, మీ తాత కాలం నాటి చట్టమే చెప్తాను వినండి" అన్నాను ఆఖరి ప్రయత్నంగా. "జూరీలో కూర్చున్నవాడికి కేసు సంగతి సొంతంగా తెలిస్తే, జడ్జికి చెప్పి సాక్ష్యం ఇవ్వాలని అప్పుడే రాసి ఉంది. దాచుకోమని ఎవరూ చెప్పలేదు."

"మా తాత అలా సెప్పలేదు" అన్నాడు. "వకీళ్ళు ఎన్ని ఏసాలైనా ఏత్తారు, నోరు మాత్రం ఇప్పకు అని సెప్పేడు" అని కూడా అన్నాడు.

నేను లేచి చీర దులుపుకున్నాను. ఏడుపొచ్చింది. ఇంతకంటే దొంగసాక్షి నయం అనిపించింది.

త్రినాథ్‌ని కోర్టు లాకప్‌లో కలిసి, నీ నోటితో నువ్వైనా చెప్పరా అన్నాను. వాడు కటకటాల మధ్యనుంచి నవ్వాడు. "మావ మాట దాటలేనమ్మా. దాటితే ఆయన మాట పోద్ది, నా పేణమూ పోద్ది. మీరు బెంగెట్టుకోకండి. ముగ్గురున్నారు."

"ఎవరూ లేర్రా!" అని అరిచాను. కానిస్టేబుల్ వచ్చి నెమ్మదిగా మాట్లాడమన్నాడు.

అయినా ఊరుకోలేదు. సత్తియ్యను మళ్ళీ బోనెక్కించమని పిటిషను వేశాను. ప్రభుత్వ వకీలు గోల చేశాడు, కేసు సాగదీస్తున్నానన్నాడు. జడ్జిగారు నన్ను కాసేపు చూసి, అనుమతించారు. పైడితల్లిని కూడా బోనెక్కించాను. ఆ పిల్ల అక్కడైనా దాచకుండా, గేదె సంగతి భర్త తనతో అన్నాడని చెప్పింది. భర్త చెప్పగా విన్నమాట, అందులోనూ భార్య. నిలబడదని నాకు తెలుసు. నిలబెట్టాల్సింది సత్తియ్యే.

ఆయన మళ్ళీ ఇస్త్రీ పంచెతో వచ్చాడు. మిగిలిన నలుగురు పంచాయతుదార్లూ వెంట వచ్చి, ముందు బెంచీలో వరసగా కూర్చున్నారు. నేను అవును, కాదు అంటే చాలని ప్రశ్నను చిన్న ముక్క చేసి పెట్టాను.

"చిన్నబాబు చనిపోయిన సాయంత్రం మీ గేదె ఈనింది. త్రినాథ్ మీ పాకలో ఉండి దూడను లాగాడు. అవునా?"

ఆయన తల తిప్పి ముందు బెంచీలోని నలుగురి వైపు చూశాడు.

జడ్జిగారు కలం కింద పెట్టారు. ఇంత ఓపిగ్గా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "సత్తియ్య గారూ, ఈ దేశంలో ఇప్పుడు జూరీ లేదు. ఈ కేసు తేల్చేది నేనొక్కదాన్నే. నేను కళ్ళారా చూడలేదు. చూసినవాళ్ళు చెబితేనే నాకు తెలుస్తుంది. మీకు తెలిసింది చెప్పండి. చెప్పకపోతే నేను మీమీద చర్య తీసుకోవలసి వస్తుంది."

సత్తియ్య ముఖం వెలిగిపోయింది. వాళ్ళ తాతను దొర గద్దించినట్టే తననీ గద్దిస్తున్నారని, ఇదే తన పరీక్ష అని ఆయనకి ఖాయమైపోయింది. వెన్ను నిటారుగా పెట్టి, రేపు మనుమలు కథగా చెప్పుకునేటట్టు గట్టి గొంతుతో అన్నాడు.

"త్రినాథు సంపలేదండి. ఇదే నా తీర్పు."

"ఎందుకు చంపలేదంటున్నారు?"

"అది అడిగే అధికారం తమకి లేదండి. జూరీ వోడు కారణం సెప్పకూడదు. జైలుకి పంపుతారా, పంపండి, ఎల్తాను."

"సత్తియ్య గారూ, దూడ!" అన్నాను నేను. కోర్టన్న సంగతి మరిచిపోయి చేతులు జోడించాను. "ఒక్క మాట. దూడ అనండి చాలు."

ప్రభుత్వ వకీలు అభ్యంతరం అన్నాడు. జడ్జిగారు నన్ను కూర్చోమన్నారు. ప్రశ్నకు సాక్షి జవాబు చెప్పలేదని రాయించారు. సాక్షి అభిప్రాయం సాక్ష్యం కాదని కూడా రాయించారు. ముసలాయన్ని జైలుకి పంపలేదు, దిగమన్నారు. దిగి వచ్చి ఆయన నలుగురి పక్కన కూర్చున్నాడు. ఈశ్వరరావు ఆయన మోకాలి మీద తట్టాడు. అవతల బోనులో త్రినాథ్ కళ్ళనిండా కృతజ్ఞత.

తీర్పు రిజర్వు చేశారు. ఆ రోజులన్నీ నేను అన్నం సరిగ్గా తినలేదు. ఎందుకో ఆశ మాత్రం చావలేదు. జడ్జిగారు సత్తియ్య ముఖం చూశారు కదా, ఆ ముఖంలో అబద్ధం లేదని గ్రహించి ఉంటారు కదా అనుకున్నాను. అసలు ఆ స్థానంలో అయిదుగురో పన్నెండుమందో మామూలు మనుషులుంటే, ఆ ముఖం ఒక్కటి చూసి వాణ్ణి వదిలేసేవారేమో. కారణం రాయనక్కర్లేదు కదా. నేనే ముసలాయన మాటల్లో పడిపోతున్నానని తెలిసి నా మీద నాకే చిరాకేసింది.

తీర్పునాడు హాలు నిండిపోయింది. చిన్నబాబు ఇంటివాళ్ళు ఒక పక్క, పైడితల్లి ఒక పక్క. అయిదుగురు పంచాయతుదార్లూ తెల్లబట్టల్లో ముందు బెంచీలో. సత్తియ్య గదికి రెండో తలుపు ఉందా అని చూస్తున్నాడు. అయిదుగురూ లోపలికి వెళ్ళి మాట్లాడుకోవడానికి తలుపు ఉండాలి కదా. అది చూసి నేను తల తిప్పేసుకున్నాను.

జడ్జిగారు కూర్చుని, చదవడం మొదలుపెట్టారు. బెదిరింపు నిరూపణ అయింది. కత్తి ముద్దాయిదే. నెత్తుటి లుంగీతో చూసిన ఇద్దరు సాక్షులూ అడ్డుప్రశ్నల్లో చలించలేదు. లుంగీ మీది నెత్తురుకి ముద్దాయి చెప్పిన కారణం ఒకటి, భార్య చెప్పింది మరొకటి. ఆ వేళకి వేరేచోట ఉన్నాడన్న వాదనకు ప్రత్యక్షంగా చూసినవారెవరూ సాక్ష్యం ఇవ్వలేదు. ఒక్కో వాక్యం ఒక్కో ఇటుక. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. నాకు ఆవిడ మీద కోపం కూడా రాలేదు. ఆవిడ స్థానంలో నేనున్నా అదే రాసేదాన్ని.

నేరం రుజువైందన్నారు. సంతకం పెట్టారు. తరవాత తెలుగులో ముద్దాయితో, "హత్య చేశావని కోర్టు నిర్ధారించింది. శిక్ష గురించి చెప్పుకునేది ఏమైనా ఉందా?" అన్నారు.

త్రినాథ్ జడ్జిగారి వైపు చూడలేదు. ముందు బెంచీ వైపు చూశాడు. "మావోళ్ళింకా సెప్పలేదండి" అన్నాడు.

హాల్లో ఎవరూ నవ్వలేదు.

సత్తియ్య లేచాడు. కండువా భుజాన సర్దుకుని, "ముగ్గురం అయ్యేమండి. అయిదుగురిలో ముగ్గురం నేరం లేదంటన్నాం" అన్నాడు.

"సత్తియ్య గారూ, కూర్చోండి. తీర్పు అయిపోయింది" అన్నారు జడ్జిగారు.

"అయిపోడవేటండి? మమ్మల్ని అడగందే?"

సత్తియ్య ప్రభుత్వ వకీలు వైపు చూశాడు, ఎస్కార్టు పోలీసుల వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. ఆ చూపులో ఏ క్షణాన నిజం తెలిసిందో నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. ఆయన గొంతు గట్టిది అన్నాను కదా, అది ఒక్కసారిగా పిల్లవాడి గొంతైపోయింది.

"మా పాకలో ఉన్నాడమ్మా ఆడు! నా గేదె ఈనలేకపోయింది. దూడ తల ఎనక్కి పోయింది. పొద్దు వాలినకాడి నుంచి నాతోనే ఉన్నాడు. ఆ నెత్తురు నా గేదెది. నాను దీపం పట్టుకున్నాను, ఆడు సెయ్యెట్టి లాగేడు. బయటికి రాగానే దూడ ముక్కులో ఊదేడు. సీకటి పడ్డాకే ఎల్లేడు. సిన్నబాబు సంగతి అప్పటికి మాకిద్దరికీ తెలీదు. ఒట్టేసి సెప్తన్నాను. బోనెక్కి సెప్తాను. నన్ను లేపేయండి, నాను జూరీ కాదు, సాచ్చిని, రాసుకోండమ్మా, రాసుకోండి..."

ఆయన చెప్పింది ఆ గదిలో నమ్మనివాళ్ళు లేరు. చిన్నబాబు తల్లి కూడా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. త్రినాథ్ బోను కమ్మీ పట్టుకుని మొదటిసారి ఏడవడం మొదలుపెట్టాడు.

పైకోర్టు ఉంది. అప్పీలు వేస్తాను. ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అక్కడ అడుగుతారు, తీర్పు వచ్చాక పుట్టిన సాక్ష్యం అంటారు. అవన్నీ ఆ క్షణంలోనే నా బుర్రలో తిరిగాయి.

సత్తియ్య ఇంకా చెబుతూనే ఉన్నాడు. స్టెనో అమ్మాయి కీబోర్డు మీద వేళ్ళు పెట్టి, టైపు చెయ్యాలా అన్నట్టు జడ్జిగారి వైపు చూసింది. సంతకం పెట్టాక తీర్పును మార్చే అధికారం ఆవిడకి లేదు. ఆవిడ కళ్ళజోడు తీసి, వద్దన్నట్టు తల ఊపారు.